హైదరాబాద్ ఎఫ్‌సీ మన ఊళ్ళో పుట్టిందా, దిగిందా?

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్‌లో ఆడిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నాక మా ఆఫీసు క్యాంటీన్లో మొదలైన గొడవ ఇది. "అసలు అది ఎప్పుడు మనదైందిరా, ఇప్పుడు పోయిందని ఏడవడానికి?" అన్నాడు మా టీం లీడ్. పుణే జట్టు మూతపడితే ఆ ఖాళీలో 2019 ఆగస్టు 27న హైదరాబాద్ అని బోర్డు తగిలించారు, అంతకుమించి ఏమీ లేదంటాడు.

నాకు కాగితాలు అనవసరం. నా లెక్కలో ఆ క్లబ్బు పుట్టింది 2019 నవంబరు 2 రాత్రి, గచ్చిబౌలి స్టేడియంలో. అప్పటికి మొదటి మ్యాచ్ కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0, రెండోది జంషెడ్‌పూర్ చేతిలో 3-1. రెండు మ్యాచుల్లో ఎనిమిది గోల్స్ తిని ఇంటికొచ్చిన జట్టు. మూడోది సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. నేనూ మా తమ్ముడూ వెళ్ళాం. గేటు దగ్గరే తికమక. మన రంగు పసుపు, కేరళ ఫ్యాన్స్ రంగూ పసుపే. హైటెక్ సిటీ మలయాళీలంతా గుంపులుగా వచ్చేశారు. పసుపు చొక్కా కనబడగానే మావాడు "అన్నా, టికెట్ ఎంతకి కొన్నావ్?" అని పలకరించడం, అవతలాయన మలయాళంలో జవాబివ్వడం. ఫస్టాఫ్‌లో రాహుల్ కేపీ గోల్ కొడితే స్టేడియం దద్దరిల్లింది. స్టేడియం మనది, గోల్ వాళ్ళది.

సెకండాఫ్‌లో స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం. ఇంకో పది నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుందనగా మార్సెలీనో ఫ్రీకిక్. అక్కడ స్టాండ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది కదా, మా చోటు నుంచి బంతి ఆనలేదు. వల కదలడం మాత్రం చూశాను. మా తమ్ముడు నా మెడ పట్టుకుని ఊపేశాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో అప్పటికి వాడికి తెలీదు. 2-1. ఇది మన క్లబ్ కాదని ఎవరైనా నా మొహం మీద చెప్పండి చూద్దాం.

ఆఫ్‌సైడ్ అనిత:
చెప్తున్నాను. మీ మెడనొప్పి సాక్ష్యంగా చెల్లదండీ.

ఆగస్టు 27కీ అక్టోబరు 25న ఆడిన మొదటి మ్యాచ్‌కీ మధ్య 59 రోజులు. రెండు నెలలు కూడా లేని ఆ వ్యవధిలో క్లబ్బు ఎలా తయారవుతుంది? ఉన్నదాన్ని ఎత్తుకొస్తే అవుతుంది. కోచ్ ఫిల్ బ్రౌన్ పుణే కోచ్. ఆదిల్ ఖాన్, నిఖిల్ పూజారి, కమల్‌జీత్ పుణే నుంచే. మీరు పుట్టిందంటున్న ఆ రాత్రి రెండు గోల్సూ కొట్టిన స్టాంకోవిచ్, మార్సెలీనో కూడా అక్కడివాళ్ళే. పురిటిమంచం కూడా పక్కింటి నుంచి తెచ్చుకున్నదే మరి.

ఇంకా విచిత్రం స్పెయిన్ ఆటగాడు గోర్డిల్లోది. చెన్నై సిటీ అనే క్లబ్బులో ఉండగానే పుణేతో ఒప్పందం చేసుకున్నాడని భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ అతన్ని సస్పెండ్ చేసింది. అతను మన జట్టులోకి వచ్చినా మొదటి మ్యాచులు ఆడలేకపోయాడు. అసలు లేని క్లబ్బు తాలూకు తప్పుకి మన బెంచీ ఖాళీ.

పుణే తెలుగోడు:
పదమూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, బాలేవాడిలో. ఆ ఆగస్టులో మీకు బారసాల, మాకు మైల. ఎఫ్‌సీ పుణే సిటీ 2014లో మొదలైంది, వాధవాన్ గ్రూప్ యాజమాన్యం, హృతిక్ రోషన్ వాటాదారు. 2017-18లో సెమీస్ దాకా వెళ్ళాం. మా అభిమానుల గుంపు ఆరెంజ్ ఆర్మీలో డ్రమ్ము వాయించే మరాఠీ కుర్రాళ్ళు నాకు ఆరుగురు స్నేహితులు. యజమానుల దగ్గర డబ్బు అయిపోయింది, జట్టు పోయింది. మాకెవరూ ఒక్క ముక్క చెప్పలేదు. పేపర్లో చదివి తెలుసుకున్నాం.

తర్వాత నేను హైదరాబాద్‌కి సపోర్ట్ చేద్దామనుకున్నాను, ఎంతైనా మన ఊరే కదా. మా ఫ్రెండ్స్ ముందు పసుపు చొక్కా వేసుకోవడానికి మాత్రం మొహం చెల్లలేదు. కాబట్టి చార్మినార్ అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కాకపోతే ఆరేళ్ళు ముందే అర్థమైంది.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
పుణే తమ్ముడూ, ఆ మాటకి సారీ తప్ప నా దగ్గర జవాబు లేదు. అనిత గారూ, మీకు మాత్రం ఉంది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఇద్దరూ తెలుగువాళ్ళే. లోగోలో చార్మినార్ మీనారు ఉంది. మొదటి సీజన్ 18 మ్యాచుల్లో రెండే గెలుపులు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం, ఒప్పుకుంటాను. జనవరిలో ఫిల్ బ్రౌన్‌ని పంపేశారు. ఆల్బర్ట్ రోకా వచ్చాడు, మొత్తం జట్టును తిరగరాద్దామనుకునేలోపు బార్సిలోనా పిలిచింది, వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో మనోలో మార్కెజ్. అక్కడి నుంచి కథ వేరే. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి పేరు తెలియని కుర్రాళ్ళని నమ్మాడు. 2020-21లో ఐదో స్థానం, 2021-22లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్, కప్పు మనది. ఫైనల్లో 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్, షూటౌట్‌లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపడం. అది పుణే జట్టు కాదు కదా? రెండేళ్ళలో మొదటి నుంచి కట్టుకున్న జట్టు.

ఆఫ్‌సైడ్ అనిత:
ఎక్కడ కట్టుకున్నారు? గోవాలో. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. గచ్చిబౌలిలో ఒక్క ఐఎస్‌ఎల్ మ్యాచ్ లేదు. హైదరాబాద్ ఛాంపియన్ అయిన సీజన్లో హైదరాబాద్ గడ్డి తొక్కలేదు. ఫైనల్ ఆడిన పదకొండు మందిలో మన ఊరి కుర్రాడు ఒక్కడూ లేడు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు, బాగా ఆడారు, నేనూ టీవీ ముందు అరిచాను. ఊరికీ జట్టుకీ బంధం అల్లుకోవాల్సిన సమయంలో మనకి దొరికింది టీవీ తెర, అంతే.

ఇంకో మాట. కాగితాలు అనవసరం అంటున్నారు, 2019 విషయంలో ఆ కాగితాలే మీ వైపున్నాయి. పుణే మూతపడింది, ఆ చోటు కొత్త క్లబ్బుకి ఇచ్చారు, పుణే రికార్డులు మన ఖాతాలో కలవలేదు. కాబట్టి కాగితం ప్రకారం హైదరాబాద్ కొత్తగా పుట్టిందే. ఢిల్లీ సంగతి అలా కాదు. 2024లో జిందాల్ గ్రూప్ చేతికి వచ్చిన అదే క్లబ్బు పేరూ ఊరూ మార్చుకుంది. మరి 2022 కప్పు ఎవరి షోకేసులో ఉండాలి? కాగితాన్ని అడిగితే ఢిల్లీ అంటుంది. మీరేమంటారు?

బీచ్ రోడ్ వాసు:
మీ హైదరాబాద్ వాళ్ళ ఏడుపు చూసి వైజాగ్ వాళ్ళం నవ్వాలా వద్దా? శ్రీనిధి డెక్కన్ క్లబ్బుకి ఐ-లీగ్‌లో, అంటే ఐఎస్‌ఎల్ కింది లీగ్‌లో, చోటు వచ్చింది వైజాగ్ పేరు మీద. మ్యాచులు ఆడేది మీ హైదరాబాద్ పక్కన అజీజ్‌నగర్ డెక్కన్ అరేనాలో. రెండు సీజన్లు వరసగా రెండో స్థానంలో నిలిచారు, సంతోషం. ఆర్కే బీచ్‌లో ఎవణ్ణైనా ఆపి మన జట్టు పేరేంటని అడగండి, కబడ్డీ టీం పేరు చెప్తాడు. మీకు కనీసం పోగొట్టుకోవడానికి ఒక రాత్రి ఉంది.

పాత సెంటర్ హాఫ్:
నాకు డెబ్బై దాటాయి. సికింద్రాబాద్‌లో కింది డివిజన్ లీగుల్లో ఆడినవాణ్ణి. ఈ చర్చంతా 2019 నుంచి మొదలుపెట్టారు, అందుకని రాస్తున్నాను.

మా నాన్నగారు ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఆట చూసేవారు. 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చిన జట్టు అది. అదే ఏడు మొదలుపెట్టి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పు వరసగా ఐదుసార్లు. కోచ్ రహీం సాబ్, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి స్కూలు మాస్టారు. కుర్రాళ్ళకి బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి టోర్నమెంట్లు నడిపేవారట. కుడికాలి వాడు ఎడమ కాలితో తన్నలేక పడిపోతుంటే చూడ్డానికి జనం వచ్చేవారని నాన్న నవ్వుతూ చెప్పేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకి నాలుగో స్థానం, 1962 ఏషియాడ్ బంగారం, రెండింటికీ ఆయనే కోచ్. అమ్ముగూడ బలరాం రెండింట్లోనూ ఆడాడు.

ఆ జట్టుని కూడా ఊరి జనం చందాలేసి పెట్టలేదు బాబూ. పోలీసు శాఖది. ఆటగాడికి ఉద్యోగం, నెల జీతం, పొద్దున పరేడు, సాయంత్రం బంతి. అయినా అది ఊరిదెందుకు అయిందంటే, సాయంత్రం గోల్ కొట్టినవాడు మర్నాడు చౌరస్తాలో డ్యూటీలో కనబడేవాడు. సైకిల్‌కి లైటు లేకపోతే ఆపి తిట్టేవాడు. మరి మీ మార్సెలీనో ఎక్కడుండేవాడో మీకెవరికైనా తెలుసా?

మా కాలం బంగారం అని చెప్పడానికి రాలేదు. ఆ జట్టూ తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, మెల్లగా వెలుగు తగ్గింది, ఎవరూ ఎక్కడికీ ఎత్తుకుపోకుండానే పోయింది. దాన్ని ఇక్కడే ఉంచి పోగొట్టుకున్నాం.

ఆఫ్‌సైడ్ అనిత:
సార్, చివరి వాక్యం గట్టిగా తగిలింది.

అక్కడి నుంచే ఒక ప్రశ్న. లండన్‌లో వింబుల్డన్ జట్టుని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి వస్తే అభిమానులు ఆ వేసవిలోనే పార్కులో ఆటగాళ్ళకి ట్రయల్స్ పెట్టి సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ మొదలుపెట్టారు. మనమేం చేశాం? 2023-24లో జీతాలు ఆగి, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం పడి, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, కుర్రాళ్ళతో 22 మ్యాచులు లాగించి ఒక్కటే గెలిచినప్పుడు స్టాండ్స్‌లో ఎంతమంది ఉన్నారు? చార్మినార్ గారూ, మీరు ఎన్ని మ్యాచులకి వెళ్ళారు?

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
ఒక్కటి. అదీ ఫ్రీ పాస్ దొరికితే.

దాచేదేముంది. తమ్ముడు కెనడా వెళ్ళాడు, ఒక్కణ్ణే వెళ్ళాలనిపించలేదు. ఆ రోజు నా వరసలో నేను, ఒక సెక్యూరిటీ గార్డు. ఆయన నాకంటే శ్రద్ధగా చూశాడు. కేరళ వాళ్ళు వస్తే తప్ప స్టేడియం నిండదని అప్పుడే తెలుసు, పైకి అనలేదు.

కప్పు సంగతి. ఢిల్లీ షోకేసులో పెట్టుకోమనండి. ఆ వెండి నాకొద్దు. మీరందరూ ఇంత చెప్పాక నా మాట కొంచెం సవరించుకుంటున్నాను. అది మన ఊళ్ళో పుట్టిందని ఇక గట్టిగా అనను. ఆ నవంబరు రాత్రి ఒక్కటి మాత్రం వదులుకోను, పుణేవాళ్ళు గోల్స్ కొట్టినా, కేరళవాళ్ళు అరిచినా సరే.

పుణే తెలుగోడు:
ఒక సంగతి గమనించారా? 2019 ఆగస్టులోనే ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఢిల్లీ ఖాళీ, పుణే ఖాళీ, హైదరాబాద్ కొత్త. ఇప్పుడు హైదరాబాద్ ఖాళీ, ఢిల్లీ కొత్త. మన మార్సెలీనో 2016లో ఆ డైనమోస్‌కే ఆడి అందరికంటే ఎక్కువ గోల్స్‌కిచ్చే గోల్డెన్ బూట్ కొట్టాడు. తర్వాత పుణే, తర్వాత మీరు. లీగ్ కంటే ముందు ఆయనే ఊళ్ళు చుట్టేశాడు.

నా దగ్గర ఆయన పేరున్న పుణే చొక్కా ఉంది. సంక్రాంతికి హైదరాబాద్ వస్తున్నాను.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
నా దగ్గర పసుపుది ఉంది, చంక దగ్గర కుట్టు విడిపోయింది. రా తమ్ముడూ, గచ్చిబౌలి గేటు ముందే కలుద్దాం. సెంటర్ హాఫ్ సార్, మీరూ రావాలి, ఛాయ్ నాది. ఇది చదివేవాళ్ళలో ఎవరి దగ్గరైనా 2016 ఢిల్లీ డైనమోస్ చొక్కా ఉందా?

పాత సెంటర్ హాఫ్:
వస్తాను. మోకాలు బాగాలేదు, మెట్లు లేని చోట పెట్టండి.