నాటకం ఆడితే చప్పట్లు, నాటకాలు ఆడితే చీవాట్లు

మొదటి పోస్టు

మొన్న సోమవారం పొద్దున మా ఏడేళ్ళ వాడు బడికి వెళ్ళనని, కడుపునొప్పని మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు. గొంతులో ఏడుపే తప్ప కంట్లో చుక్క నీరు లేదు. మా అత్తగారు వంటింట్లోంచి తొంగి కూడా చూడకుండా "నాటకాలు ఆపి స్నానానికి లే" అన్నారు. రాత్రి సీరియల్లో ఒకమ్మాయి ఏడుస్తుంటే కొంగుతో కళ్ళు తుడుచుకుని "నటించట్లేదే ఆ పిల్ల, జీవిస్తోంది" అన్నదీ ఆవిడే.

అప్పట్నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. మనిషిని తిట్టాలంటే రంగస్థలం మాటలు తెస్తాం. నటుణ్ణి మెచ్చుకోవాలంటే బతుకు మాటలు తెస్తాం. ఇంట్లో నటిస్తే తప్పు. తెర మీద నటిస్తున్నట్టు తెలిసిపోయినా తప్పే.

ఇంకొకటి కూడా గమనించాను. "ఊళ్ళో నాటకం ఆడారు" అంటే కళ. "నాటకాలు ఆడుతున్నాడు" అంటే మోసం. "కృష్ణుడి వేషం వేశాడు" అంటే గొప్ప. "వేషాలు వేస్తున్నావా" అన్నది చిన్నప్పుడు వీపు మీద దెబ్బ పడే ముందు వినిపించిన మాట. కథ చెబితే ఊఁ కొడతాం, కథలు చెబితే నమ్మం. చివర ఒక్క "లు" చేరగానే కళ కాస్తా అబద్ధమైపోతోంది. నా లెక్క సరైందేనా? మీ వైపు ఏమంటారో చెప్పండి.

జవాబు (కరీంనగర్)

అక్కా, మా దిక్కు వేషం పేరే తిట్టు అయింది. తుపాకిరాముడు. పిట్టలదొర అని కూడా అంటాం. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకి. వాకిట్ల నిలబడి మీసం మెలేసుకుంట ఆస్తుల లెక్క చెప్పేటోడు. సముద్రంల నారు పోసిండట, మబ్బుల మీద నాటేసిండట, కోతకు కూలీలు కావాలె, నిచ్చెన తెచ్చుకుంటే వంద రూపాయలు ఎక్కువిస్తడట! మా అమ్మ నవ్వాపుకోలేక చేటెడు బియ్యం తెచ్చి పోసేది. అది అబద్ధమని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

ఇప్పుడు ఎవరన్నా లేనిపోని గొప్పలు చెప్తే "తుపాకిరాముని ముచ్చట్లు" అంటాం. పాపం ఆయన ఎవ్వరినీ మోసం చేసింది లేదు. పేరు మాత్రం కోతలరాయుళ్ళకు పోయింది.

జవాబు (బాపట్ల)

మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. అందువల్ల నాకు లోహితాస్యుడి వేషం సిఫార్సు మీద దొరికింది. పాము కరిచి చనిపోయాక కాటి సీనులో కదలకుండా పడుకోవడమే పని. అదెంత కష్టమో పడుకున్నవాడికే తెలుసు. హరిశ్చంద్రుడు ఏడుస్తూ పద్యం ముగిస్తాడా, వెనక నుంచి "వన్స్ మోర్" అని కేక. ఆయన కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, నాన్నగారి వైపు చూసి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. నేను ఇంకో పది నిమిషాలు చచ్చి ఉండాలి.

ఒక తిరునాళ్ళలో దోమ కుడితే ఆగలేక కాలు గోక్కున్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన "ఒరేయ్, నువ్వు చచ్చిపోయావురా" అన్నాడు. జనమంతా గొల్లుమన్నారు. అంతలో హరిశ్చంద్రుడు రాగం అందుకున్నాడు. రెప్ప సందులోంచి చూశాను. అదే పెద్దాయన కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

ఆ రోజుల్లో మా వైపు "జీవించాడు" అన్న మెప్పు నేను వినలేదు. "రక్తి కట్టించాడు" అనేవారు. రక్తి, రాగం, రంజకం మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. దానికి రంగు పట్టడం అని అర్థం. ముఖానికి రంగు వేసుకున్నవాడు చూసేవాడికీ కాస్త రంగు అంటించాలి, అంతే. నిజంలా ఉందా లేదా అని అడిగినవాళ్ళు లేరు. నిజంలా ఉండాలంటే శవం ముందు హార్మోనియం ఎందుకండీ?

జవాబు (విశాఖపట్నం)

మాస్టారు చెప్పింది బాగుంది. అసలు "జీవించాడు" అనే మాటలోనే తిరకాసుంది. "మా తమ్ముడు పుణెలో జీవిస్తున్నాడు" అని ఎవరంటారు? ఉంటున్నాడు అంటాం. కష్టాల్లో ఉంటే ఏదోలా బతుకుతున్నాడు అంటాం. పోనీ సినిమా సమీక్షలో "ఆ పాత్రలో బతికాడు" అని రాసి చూడండి, ఏదో యాక్సిడెంట్ తప్పించుకున్నట్టుంటుంది! "ఆ పాత్రలో ఉన్నాడు" అంటే వచ్చాడు, పోయాడు అన్నట్టు. మన నోట్లో రోజూ నలిగే మాటలు ఈ మెప్పుకి పనికి రావు. నాకైతే "ఒదిగిపోయాడు" ఇష్టం. అందులో మనిషి తన్ను తాను కాస్త చిన్నగా చేసుకున్న సంగతి కనిపిస్తుంది.

జవాబు (కడప)

మా జిల్లా సంగతి ఒకటి. సురభి గ్రామంలో 1885లో కీచక వధతో మొదలైన నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే వేషాలు కట్టేవి. మొదటి తెలుగు టాకీలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి పుట్టింది రంగస్థలం మీదే అంటారు. వాళ్ళమ్మ దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చాయట. జనం అదీ నాటకమే అనుకున్నారట. అక్కడ ఆవిడ నిజంగా నొప్పులు పడుతోంది, ఇక్కడేమో "అబ్బ, ఏం నటన" అనుకుని ఉంటారు. మీ అత్తగారి మాట పూర్తిగా తిరగబడింది కదా!

జవాబు (హైదరాబాద్)

అక్కా, మీ "లు" సూత్రానికి ఒక దెబ్బ. "సినిమా చూపిస్తా", "యాక్షన్ చేయకు", "బిల్డప్ ఇవ్వకు". వీటిలో "లు" ఏది? ఇంకా పెద్ద దెబ్బ రియాలిటీ షోలది. మన దగ్గర బిగ్ బాస్ 2017లో వచ్చింది. అది గేమ్ అని షో వాళ్ళే చెబుతారు, గెలిస్తే డబ్బులిస్తారు. ఆడడానికి వెళ్ళినవాణ్ణి జనం ఏమని తిడతారు? "వాడు గేమ్ ఆడుతున్నాడు" అని! ఏమీ ఆడనట్టు కనిపించేవాడికి "జెన్యూన్" అని ఓట్లు వేస్తారు. క్రికెటర్‌ని "వీడు క్రికెట్ ఆడుతున్నాడు" అని తిట్టినట్టుంది.

మొదటి పోస్టు రాసినవారి జవాబు

హైదరాబాద్ తమ్ముడూ, ఒప్పుకుంటున్నాను. డ్రామా మాత్రం ఇంగ్లీషు నుంచి వచ్చినా బుద్ధిగా నా వెనకే నడిచింది: "డ్రామా వేశారు", "డ్రామాలు ఆడకు". గేమ్‌కి నా దగ్గర సమాధానం లేదు. తుపాకిరాముడి సంగతి చదివాక సూర్యకాంతం గారు గుర్తొచ్చారు. షూటింగులకు ఇంటి నుంచి వంటలు తెచ్చి అందరికీ పెట్టేవారని తోటి నటులు చెప్పుకున్న మనిషి. ఆ పేరు గయ్యాళి అత్తకు మారుపేరైంది. చక్కటి పేరు, పిల్లకు పెట్టుకుందామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. బాపట్ల మాస్టారి పెద్దాయన అయితే ఇలా పొరబడేవాడు కాదనుకుంటా. దోమనూ చూశాడు, ఏడుపూ ఏడ్చాడు.

నిన్న రాత్రి ఈ జవాబులన్నీ మా అత్తగారికి పైకి చదివి వినిపించాను. పక్కనే మా వాడు నిద్రపోతున్నాడనుకున్నాం. ఇవాళ పొద్దున మళ్ళీ కడుపునొప్పి. ఆవిడ "నాటకా..." అనే లోపే "నాటకాలు కాదు నానమ్మా, జీవిస్తున్నా" అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. బడికి మాత్రం పంపించారు.