గని మూసిన నేల కోలుకున్నదని హైపర్‌స్పెక్ట్రల్ చిత్రమే తేల్చగలదా?

నేలచూపు (చర్చ ప్రారంభం):

తవ్వకం ముగిసిన గని దగ్గర దిబ్బలను చదును చేసి, పైమట్టి పరచి, మొక్కలు నాటిన తరువాత, ఆ నేల నిజంగా కోలుకున్నదా లేదా అన్నది ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. ఇంతకాలం ఆ పని నడిచి చూసేవారిది. వారు దారి ఉన్న చోటికే వెళ్లగలరు, వీలైనన్ని మట్టి నమూనాలే తీయగలరు. మిగిలిన విస్తీర్ణమంతా ఆ కొద్దిపాటి నమూనాలను బట్టి వేసిన అంచనాయే. ఇప్పుడు పరిస్థితి మారింది. 2018లో భారత్ హైసిస్‌ను, 2019లో ఇటలీ ప్రిస్మాను, 2022లో జర్మనీ ఎన్‌మ్యాప్‌ను ప్రయోగించాయి; ఈ మూడూ ఉపగ్రహాలు. అదే 2022లో నాసా తన ఎమిట్ పరికరాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చింది. ఇవి కనిపించే కాంతి మొదలుకొని సుమారు 2,500 నానోమీటర్ల వరకు వందలాది సన్నని బ్యాండ్లలో (తరంగదైర్ఘ్యాల పట్టీలలో) నేల పరావర్తనాన్ని, అంటే నేల వెనక్కి పంపే కాంతిని, కొలుస్తాయి. అలా తీసినదే హైపర్‌స్పెక్ట్రల్ చిత్రం. ఎమిట్ డేటా అందరికీ ఉచితం కాబట్టి, గని యజమాని ఇచ్చిన నివేదికను ఆ గని పక్కన నివసించేవారు కూడా సరిచూసుకోవచ్చు. అందుచేత మూసివేత ధ్రువీకరణకు ఈ చిత్రమే ప్రధాన ఆధారం కావాలనీ, క్షేత్ర పరిశీలన దానికి తోడుగా ఉంటే చాలుననీ నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రాతిపొర:

నేలచూపు గారి వాదనలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. ఈ పద్ధతి ఏం చేయగలదో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, లెడ్‌విల్ దగ్గర 1990లలోనే తేలింది. అక్కడి పాత గనుల వ్యర్థపు దిబ్బలు ఆ ప్రాంతమంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిలో ఏవి ఆమ్లాన్ని విడుదల చేస్తున్నాయో, ఏవి నిరపాయకరమైనవో తెలియదు. 1995లో ఎవిరిస్ అనే పరికరాన్ని విమానంలో తీసుకువెళ్లి తీసిన చిత్రాలలో కొన్ని దిబ్బల నడుమ జారోసైట్ అనే ఇనుప ఖనిజం, దాని చుట్టూ జారోసైట్‌తో కలిసిన గోథైట్ అనే మరో ఇనుప ఖనిజం, వెలుపలి అంచున గోథైట్ మాత్రమే వలయాలుగా కనిపించాయి. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలికీ నీటికీ కుళ్లి గాఢమైన ఆమ్లం పుట్టే చోట జారోసైట్ నిలుస్తుంది. ఆమ్లత తగ్గిన కొద్దీ గోథైట్ ఏర్పడుతుంది. అంటే ఆ వలయాలు ఆమ్లత ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో గీసి చూపిన పటమే.

అయితే ఆ పటాన్ని నమ్మదగినదిగా చేసింది ఏమిటో కూడా గమనించాలి. ఆ దిబ్బల నుంచి నమూనాలు తెచ్చి, నీటిలో నానబెట్టి, ఎంత ఆమ్లం, ఎంత లోహం ఊరి వస్తున్నదో కొలిచి చూశారు. చిత్రం సూచించింది, పరీక్ష నిర్ధారించింది.

ఇక నా అభ్యంతరానికి వస్తాను. పైరైట్‌కు ఈ తరంగదైర్ఘ్యాల మధ్య తనదైన స్పష్టమైన గుర్తు లేదు. మనం చూసేది అది కుళ్లిన తరువాత పైకి తేలిన ఖనిజాలను మాత్రమే. అదీగాక ఈ కాంతి నేలలోకి దిగేది అతి స్వల్పం; పరికరానికి అందేది పైపై పొర ఒక్కటే. పునరుద్ధరణ అంటేనే ఆ పై పొరను మార్చడం. పైరైట్ ఉన్న రాళ్ల మీద మంచి మట్టి పరచి గడ్డి పెంచిన వాలును పై నుంచి చూస్తే పచ్చిక పరావర్తనమే వస్తుంది. కింద రాయి కుళ్లుతూనే ఉండవచ్చు, దిబ్బ పాదం దగ్గర ఊటలో ఆమ్లం దిగుతూనే ఉండవచ్చు. ఆ ఊట కాలువ రెండు మీటర్ల వెడల్పే అనుకోండి. ఎన్‌మ్యాప్ పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో గడి, నేల మీద ఒక్కో పక్క 30 మీటర్లు, మొత్తం 900 చదరపు మీటర్లు. అందులో ఆ కాలువ వాటా 60 చదరపు మీటర్లు, ఏడు శాతం కూడా నిండదు. చుట్టూ ఉన్న పచ్చదనంలో ఆ గుర్తు కలిసిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయమే కనిపించనప్పుడు దాన్ని ప్రధాన ఆధారం అనడం సబబు కాదు.

పత్రహరితం:

రాతి గురించి రాతిపొర గారు చెప్పారు కాబట్టి నేను మొక్కల సంగతి చెబుతాను. ఎరుపు కాంతిని పత్రహరితం పీల్చుకుంటుంది, దాని పక్కనే ఉన్న పరారుణ కాంతిని ఆకు లోపలి కణజాలం వెనక్కి విసురుతుంది. ఈ రెండింటి మధ్య, సుమారు 680 నుంచి 750 నానోమీటర్ల వరకు, పరావర్తన రేఖ ఒక్కసారిగా నిటారుగా పైకి లేస్తుంది. దీన్నే రెడ్ ఎడ్జ్ అంటారు. సీసం, రాగి, జింకు వంటి లోహాలు వేరు ద్వారా చేరి పత్రహరితాన్ని తగ్గించినప్పుడు ఆ వాలు చిన్న తరంగదైర్ఘ్యాల వైపు కొన్ని నానోమీటర్లు జరుగుతుంది. మొక్క కంటికి పచ్చగానే కనిపిస్తున్న దశలోనే దీన్ని పట్టుకోవచ్చునన్న ఆశతోనే ఈ రంగం ఇంతగా పెరిగింది, ఆ ఆశ వృథా కాదు.

కానీ ఎన్‌మ్యాప్ ఆ భాగంలో ఒక బ్యాండ్‌కూ మరొక బ్యాండ్‌కూ మధ్య ఉంచే దూరం సుమారు 6.5 నానోమీటర్లు. మనం వెదికే జరుగుడు ఇంచుమించు అంతే ఉన్నప్పుడు, బ్యాండ్ల మధ్య విలువలను లెక్కగట్టి చెప్పుకోవాలి. వాతావరణ ప్రభావాన్ని తొలగించడంలో వచ్చే చిన్న తేడా కూడా ఆ లెక్కను కదిలించగలదు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, నీటి ఎద్దడి వల్లా, నత్రజని లోపం వల్లా, ఆకు ముదిరి రాలే కాలంలో కూడా రెడ్ ఎడ్జ్ అదే దిశలో జరుగుతుంది. ఒళ్లు కాలుతున్నదని చెప్పగలమే గాని అది ఏ జ్వరమో దీన్ని బట్టి చెప్పలేము. దిబ్బ మీది మట్టి పలుచన, అక్కడ నీరు నిలవదు, నత్రజని తక్కువ. కాబట్టి లోహం లేకపోయినా ఆ మొక్కలు ఒత్తిడిలోనే ఉంటాయి.

మరొక సంగతి. దిబ్బల మీద త్వరగా పెరిగే ఒకే జాతి చెట్టును వరుసలుగా నాటితే కొన్నేళ్లలోనే పైకప్పు దట్టమవుతుంది, చిత్రంలో ఆ చోటు ఆరోగ్యంగా కనిపిస్తుంది. కింద గడ్డి మొలిచిందా, విత్తనం పడి కొత్త మొక్క లేచిందా, ఆకుచెత్త కుళ్లి మట్టి అవుతున్నదా అన్నది ఆ పైకప్పు దాచేస్తుంది. నేల కోలుకోవడం అంటే నా దృష్టిలో ఈ మూడే.

నేలచూపు:

ఇద్దరి అభ్యంతరాలూ ఒకే రోజు తీసిన ఒక్క చిత్రానికి వర్తిస్తాయి. గని తాకని పక్క నేలను, అదే రకం మట్టి, అదే జాతి మొక్కలు ఉన్న చోటును పోలికగా తీసుకుని, ఏళ్ల తరబడి ఒకే ఋతువులో రెండింటినీ కొలుస్తూ పోతే కరవు రెండింటినీ ఒకేలా తాకుతుంది, లోహం ఒకదాన్నే తాకుతుంది. అప్పుడు జ్వరం ఏదో తెలియదా? మధ్యలోని నెలలకు ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ జంట ఉంది. దానికి పదమూడు బ్యాండ్లే అయినా రెడ్ ఎడ్జ్ మీద మూడు ఉన్నాయి. రెండు ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకొకసారి అదే చోటికి వస్తాయి.

కొలబద్ద:

పోలిక నేల ఆలోచన మంచిదే, కానీ ఆ నేలను ఎవరు ఎంచుతారన్న దాని మీదే ఫలితమంతా ఆధారపడుతుంది. ఖనిజం ఉన్న కొండలో తవ్వకానికి ముందే పైరైట్ సహజంగా కుళ్లి జారోసైట్ ఏర్పడి ఉండవచ్చు. దూరంగా, శుభ్రమైన రాయి మీద పోలిక నేలను పెట్టుకుంటే ప్రకృతి చేసిన పనికి కూడా గనిని నిందించవలసి వస్తుంది. దగ్గరగా పెట్టుకుంటే గని ధూళి పడిన నేలనే ఆరోగ్యానికి కొలతగా తీసుకున్నట్టు అవుతుంది. తవ్వకానికి ముందటి హైపర్‌స్పెక్ట్రల్ చిత్రం ఉంటే ఈ గొడవే ఉండదు. కానీ అంతరిక్షం నుంచి ఇలాంటి చిత్రాలు తీయడం 2000లో నాసా పంపిన పరికరం హైపీరియన్‌తో గాని ఊపందుకోలేదు, అది కూడా ఏడున్నర కిలోమీటర్ల సన్నని పట్టీలను మాత్రమే చూసింది. ఇప్పుడు మూతపడుతున్న గనులలో అనేకం అంతకంటే పాతవి.

చిత్రం తీసిన తేదీ గురించి ఎవరూ మాట్లాడలేదు. పైరైట్ వంటి సల్ఫైడ్ ఖనిజాలున్న వ్యర్థాల మీద ఎండాకాలంలో నీటిలో కరిగే ఇనుప సల్ఫేట్ లవణాలు తెల్లగా, పసుపుపచ్చగా పేరుకుంటాయి; ఒక గట్టి వానకు అవి కరిగి, తమలో దాచుకున్న ఆమ్లాన్నీ లోహాలనూ వాగులోకి మోసుకుపోతాయి. వాన వెలిసిన వారంలో తీసిన చిత్రంలో ఆ లవణాలు ఉండవు. పైగా తడి నేల పరావర్తనం మొత్తం మీద తగ్గుతుంది, 1,400, 1,900 నానోమీటర్ల పక్కనున్న బ్యాండ్లు మరింత దెబ్బతింటాయి. నీరు అత్యంత కలుషితమైన ఆ రోజులలోనే నేల అత్యంత శుభ్రంగా కనిపిస్తుందన్నమాట. కాబట్టి ధ్రువీకరణ పత్రం మీద చిత్రం తీసిన తేదీతో పాటు, దానికి ముందు చివరి వాన ఎప్పుడు పడిందో కూడా రాయాలని నేను గట్టిగా కోరతాను.

ఈ కారణాలన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఒకటే. ఒక నేల కోలుకోలేదని అనుమానించడానికి ఈ చిత్రానికి పూర్తి హక్కు ఉంది. కోలుకున్నదని హామీ ఇవ్వడానికి లేదు. 2,265 నానోమీటర్ల దగ్గర జారోసైట్ శోషణ, అంటే అది కాంతిని పీల్చుకున్న గుర్తు, స్పష్టంగా కనిపించిన చోట, అది సహజమని నిరూపించే భారం గని యజమాని మీద పడాలి, ఆ నిరూపణ అయ్యేదాకా పత్రం ఆగాలి. ఏమీ కనిపించలేదన్న కారణంతో మాత్రం ఎవరికీ పత్రం ఇవ్వకూడదు.

పత్రహరితం:

కొలబద్ద గారి మాటకు నా పూర్తి మద్దతు. ఒక్క చేర్పు: లోహ పరీక్షలో మట్టితో పాటు ఆకు కూడా ఉండాలి. చిత్రం చూపిన తేడా నిజంగా లోహం వల్లనేనా అన్నది ఆకును ఎండబెట్టి ప్రయోగశాలలో కొలిస్తేనే తేలుతుంది.

నేలచూపు:

చిత్రం ఒక్కదానితో పత్రం ఇవ్వకూడదన్న మాటను అంగీకరిస్తున్నాను. కానీ నా అసలు ఆందోళన ఇంకా అలాగే ఉంది. నమూనా తీసే చోటును గని యజమాని ఎంచుకుంటే పరీక్ష ఎంత కచ్చితమైనదైనా ఉపయోగం లేదు. ఆ చోట్లను చిత్రమే నిర్ణయించాలి: ఖనిజ గుర్తులు కనిపించిన పిక్సెళ్లు, పోలిక నేలతో రెడ్ ఎడ్జ్ తేడా ఎక్కువగా ఉన్నవి, వీటితో పాటు ఏ గుర్తూ లేనివాటిలో చీటీ వేసి తీసినవి కొన్ని. ఆ జాబితా నమూనాలు తీయడానికి ముందే బహిరంగంగా ప్రకటించాలి.

రాతిపొర:

దానికి సరే. దిబ్బల పాదాల వెంట ఉన్న ప్రతి ఊటనూ, చిత్రంలో కనిపించినా కనిపించకపోయినా, ఆ జాబితాలో చేర్చండి. వానకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఆ నీటి పీహెచ్, సల్ఫేట్, కరిగిన లోహాలు కొలవాలి.