సూపర్ హీరో సినిమాల్లో లాజిక్ లేదు సరే, పాత నాటకాల్లో ఉందా?

నల్లగొండ తెలుగు సార్

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఇంటికొచ్చి ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ పెట్టాడు. 2019లో వచ్చిన సినిమా, అప్పుడు నేను చూడలేదు. మూడు గంటలు ఓపిగ్గా కూర్చున్నాను. అంతకుముందు భాగంలో విలన్ థానోస్ చిటికె వేస్తే సృష్టిలో సగం ప్రాణులు బూడిదైపోయాయి. ఐదేళ్లు గడిచినా ఎవరికీ దారి తోచలేదు. అప్పుడు ఎక్కడో గోదాములో పడి ఉన్న వ్యాన్‌లో ఒక ఎలుక మీటల మీద నడుస్తుంది. దాంతో వేరే లోకంలో చిక్కుకుపోయిన యాంట్‌మ్యాన్ అనే హీరో బయట పడతాడు. కాలంలో వెనక్కి వెళ్లే ఆలోచన అతని మాటల నుంచే పుడుతుంది. అంటే ఆ ఎలుక పక్క నుంచి పోయి ఉంటే కథే లేదు!

ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు నాటకం చెబుతున్నాను. ఒక సంఘటన కడుపులోంచి ఇంకో సంఘటన పుట్టాలని చెబుతాను. ఈ సినిమాల్లో కష్టం వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పైనుంచి ఊడిపడుతుంది. పిల్లలు దీన్నే కథ అనుకుంటున్నారు, అదే నా బాధ. నా మాట తప్పనుకుంటే కారణంతో చెప్పండి.

కొల్లాపూర్ మనవడు

నమస్తే సార్. ఎలుక సంగతి ఒప్పుకుంటాను. మరి శాకుంతలంలో చేప సంగతి ఏంటి సార్? ఉంగరం నీళ్లలో పడుతుంది, చేప మింగుతుంది, ఆ చేప జాలరికి దొరుకుతుంది, అతను ఉంగరం అమ్మబోయి రాజభటులకు చిక్కుతాడు, అది రాజు చేతికి చేరుతుంది. ఒక్కటి తప్పినా దుష్యంతుడికి జ్ఞాపకం రాదు. క్లాసులో ఇదే చెబితే మేము నోరు తెరుచుకుని విన్నాం.

ఇంకో మాట. భారతంలో ఈ ఉంగరమూ లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది, ఉండి కూడా సభలో ఎరగనంటాడు. ఆకాశవాణి పలికాకే ఒప్పుకుంటాడు. కాళిదాసు శాపం పెట్టింది అక్కడే. లోకంలో జరగని ఒక విషయాన్ని తెచ్చి, రాజు నడతను మనం నమ్మేలా చేశాడు. శాపం తీసేస్తే మిగిలేది అబద్ధమాడిన మొగుడే. కాబట్టి అసాధ్యం ఉన్నంత మాత్రాన కథ చెడదు, కొన్నిచోట్ల అదే కథను నిలబెడుతుంది.

మా తాత మా ఊళ్లో యక్షగానం కట్టేవాడు. ప్రహ్లాద కథలో ఆయనది హిరణ్యకశిపుడి వేషం. వెదురు బద్దలు కట్టి, పాత పేపర్లు అంటించి, పైన సున్నం పూస్తే స్తంభం అయ్యేది. లోపల ఎవరు దాక్కున్నారో పిల్లలమైన మాకు కూడా తెలుసు, సాయంత్రం ఆయన మా ఇంట్లోనే జొన్నరొట్టె తిన్నాడు. అయినా స్తంభం పగలగానే ముసలమ్మలు లేచి దండం పెట్టేవాళ్లు.

అక్కడ లాజిక్ ఎవరూ అడగలేదని అనుకోకండి. ఒక ఏడాది నరసింహుడి వేషం కొత్త పిల్లవాడికి ఇచ్చారు. అతను తొందరలో మా తాతను నడిమధ్యన పడేసి పొట్ట చీల్చబోయాడు. ముందు కూర్చున్న ఒక అవ్వ లేచి, “గడప ఏది బిడ్డా? గడప మీద కదా చంపాలె!” అని గట్టిగా అరిచింది. మద్దెల ఆగిపోయింది. ఇద్దరు పోయి ఒక పీట తెచ్చి గడపలా వేశాకే కథ ముందుకు నడిచింది.

ఆ అవ్వ బడి మొహం చూడలేదు. కానీ వరంలో ఏం అడిగారో గుర్తుంది. ఇంట్లో చావకూడదు, బయట చావకూడదు. పగలు కాదు, రాత్రి కాదు. మనిషి చేతిలో కాదు, మృగం చేతిలో కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు, ఆయుధంతో కాదు. నరసింహుడు సందెవేళ, గడప మీద, తొడ మీద వేసుకుని, గోళ్లతో చంపి ఒక్క షరతూ తప్పకుండా తీర్చాడు. దీనికంటే గట్టి కథాలాజిక్ నాకు తెలియదు సార్. అందులో సింహం తల ఉన్న మనిషి ఉన్నాడు, ఎవరికీ ఇబ్బంది లేదు.

దేవరకొండ నుంచి

అన్న చెప్పింది నిజం. నేను ఈ సినిమాలు ప్రాణంగా చూస్తాను. అయినా ఒకటి ఇప్పటికీ మింగుడు పడదు. 1978లో వచ్చిన సూపర్‌మ్యాన్ సినిమాలో, పెంచిన తండ్రి గుండెపోటుతో కూలిపోతాడు. ఇన్ని శక్తులుండి ఆయన్ని కాపాడలేకపోయానని కొడుకు కుమిలిపోతాడు. నాకు ఆ సీన్‌లో మా నాన్న గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. చివరికి వచ్చేసరికి భూకంపంలో అతను ప్రేమించే లోయిస్ కారు మట్టిలో కూరుకుపోయి చనిపోతుంది. అతను భూమి చుట్టూ గిర్రున ఎగిరి, భూమినే వెనక్కి తిప్పి, కాలాన్ని తిప్పేస్తాడు. ఆమె బతుకుతుంది.

మరి నాన్నప్పుడు ఎందుకు తిప్పలేదు? అతను ఎగరడం నమ్మాను. ఇది నమ్మలేదు. నేను ఏడ్చిన సీన్‌కు అర్థం లేకుండా చేశారని ఇప్పటికీ కోపం.

నల్లగొండ తెలుగు సార్

చేప విషయంలో నన్ను పట్టుకున్నావు తమ్మీ. రెండు రోజులు ఆలోచించాను. జరగగలిగినా నమ్మబుద్ధి కాని దానికంటే, అసాధ్యమైనా నమ్మించేది మేలని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన మాట నేను పిల్లలకు రాయిస్తాను. దాన్ని ఈ సినిమాలకు ఎందుకు వర్తింపజేయలేదో నాకే సమాధానం లేదు. అంతేకాదు, గ్రీకు నాటకంలో ఈడిపస్ అన్నేళ్లు రాజుగా ఉండి, నలుగురు పిల్లల్ని కని, తన ముందు రాజు ఎలా చచ్చాడో తెలుసుకోకపోవడం నమ్మేలా లేదని ఆయనే గమనించాడు. అది నాటకం మొదలవకముందు సంగతి కాబట్టి సరిపెట్టుకోవచ్చన్నాడు. ఆ లెక్కన స్పైడర్‌మ్యాన్‌కు సాలీడు కుట్టి శక్తులు రావడం కూడా మొదట్లోనే జరిగిపోతుంది కాబట్టి వదిలేయాలి. వదిలేస్తాను.

అయినా చేపనూ ఎలుకనూ ఒకే గాటన కట్టను. ఉంగరం తీర్థంలో జారిపోయిందని ఐదో అంకంలోనే శకుంతల వెంట వచ్చిన గౌతమి సభలో అంటుంది. నీళ్లలో పడింది కాబట్టి చేప మింగడానికి ఆధారముంది. పైగా చేప రాజుకు జ్ఞాపకాన్నే ఇచ్చింది, భార్యను ఇవ్వలేదు. ఆరో అంకమంతా ఆయన బొమ్మ ముందు కూర్చుని ఏడుస్తాడు. కొడుకు సింహం పిల్లతో ఆడుకునే వయసు వచ్చాకే ఆమె కనిపిస్తుంది. అంత మూల్యం ఉంది. దేవరకొండ చెల్లె చెప్పిన సినిమాలో మూల్యం లేదు, అందుకే ఆమెకు మోసపోయినట్టు అనిపించింది.

ఇంకా నా అభ్యంతరం వరుస భాగాల మీద ఉంది. 1938లో తొలి కథలో సూపర్‌మ్యాన్ ఎగరలేడు, ఇరవై అంతస్తుల భవనం దాటేలా దూకేవాడు, అంతే. తర్వాత ఎగరడం వచ్చింది, ఇంకేవో వచ్చాయి. శక్తి అలా పెరుగుతూ పోతే ఆపద ఎక్కడి నుంచి తేవాలి? 1943లో రేడియో నాటకంలో క్రిప్టోనైట్ అని, అతని బలం లాగేసే రాయిని తెచ్చారు. హిరణ్యకశిపుడి వరం మాత్రం మధ్యలో మారదు. అవ్వ ఒప్పుకోదు.

కొల్లాపూర్ మనవడు

మూల్యం మాట బాగుంది సార్, దాంతోనే ఎండ్‌గేమ్ చూడండి. హీరోల జట్టులో నటాషా కొండ మీంచి దూకింది, ఆమెను వెనక్కి తేలేకపోయారు. చివరికి ఐరన్‌మ్యాన్ టోనీ చిటికె వేసి తనే పోయాడు. చిన్న కూతురు మిగిలింది. ఎలుక వాళ్లకు అవకాశమే ఇచ్చింది, గెలుపు ఇవ్వలేదు. మీరు చేపకు వేసిన మార్కులు దానికీ వేయాలి.

ఆధారం కూడా ఉంది. యాంట్‌మ్యాన్ ఆ వేరే లోకంలో చిక్కుకుపోవడం 2018లో వచ్చిన అతని సినిమా చివర్లోనే చూపించారు. వ్యాన్ అప్పటిదే.

నల్లగొండ తెలుగు సార్

వ్యాన్ అప్పటిదే కావచ్చు. ఎలుకను అప్పుడు చూపించారా తమ్మీ? వచ్చే ఆదివారం మా మేనల్లుడితో ఆ 2018 సినిమా పెట్టిస్తాను. చూసి మళ్లీ రాస్తాను.