అప్‌డేట్: ఉద్యోగం చేస్తూ ఎడ్‌డీ చేయొచ్చా అని అడిగాను కదా

టీచర్‌గా పనిచేస్తూనే అమెరికా యూనివర్సిటీలో డాక్టరేట్ చేయాలంటే ఏమేం కావాలి, పీహెచ్‌డీ మంచిదా ఎడ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్, విద్యారంగంలో పనిచేసేవాళ్ల కోసం ఉన్న డాక్టరేట్) మంచిదా అని ఇంతకుముందు అడిగాను. జవాబు రాసిన అందరికీ థాంక్స్, ఎడ్‌డీకే అప్లై చేశాను.

చాలా ప్రోగ్రాములకి మాస్టర్స్, కొన్నేళ్ల బోధనానుభవం, రెండు మూడు సిఫార్సు లేఖలు కావాలి, జీఆర్ఈ మాత్రం చాలాచోట్ల తీసేశారు. అసలు కష్టమంతా స్టేట్‌మెంట్ (ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసం) దగ్గరే. "విద్యారంగానికి సేవ చేయాలని ఉంది" లాంటి మాటలు అక్కడ పనికిరావు, మీ బడిలో రోజూ ఎదురయ్యే ఒక సమస్య చూపించాలి. నేనైతే, ఆరో తరగతి పిల్లలు కూడికలు, భాగహారాలు గబగబా చేసేసి అదే లెక్కని మాటల్లో ఇస్తే పెన్ను కింద పెట్టేస్తారు, ఎందుకు అన్నదాని మీద రాశాను. ఎడ్‌డీ చదువుని బడుల్లో పనిచేసేవాళ్లకి తగ్గట్టు మార్చాలని 2007లో మొదలైన కార్నెగీ ప్రాజెక్ట్‌లో చేరిన యూనివర్సిటీలు థీసిస్ కూడా ఇలాంటి సమస్య చుట్టూనే రాయిస్తున్నాయి, పాఠం చెప్పేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి!

పార్ట్‌టైమ్ అయితే మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పరిశోధనే కెరీర్ అనుకునేవాళ్లు పీహెచ్‌డీకే వెళ్లండి. సిఫార్సు లేఖ మాత్రం మీ క్లాసు కళ్లారా చూసిన ప్రిన్సిపాల్‌ని ముందుగానే అడగండి, పరీక్షల టైంలో వాళ్లకి ఊపిరాడదు. ఇంటర్వ్యూ అయ్యాక మళ్లీ రాస్తాను.