పాత ‘డాక్టర్ హూ’ తెర వెనుక పనులు: చేసి చూసినవాళ్ళు చెప్పండి

నీలిపెట్టె:
మా అబ్బాయితో కలిసి బీబీసీ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక ‘డాక్టర్ హూ’ని 1963 నాటి మొదటి భాగం నుంచీ చూస్తున్నాను. నలుపు తెలుపు బొమ్మ, ఇరుకు సెట్లు. అయినా టైటిల్స్ మొదలవగానే వాడు కదలకుండా కూర్చుంటాడు. ఆ పొగలాంటి తెల్లటి ఆకారాలు ఎలా తీశారని వాడు అడిగితే చెప్పలేకపోయాను. ఇక్కడ కెమెరా, సౌండు పనులు తెలిసినవాళ్ళు ఉన్నారు. మీరు స్వయంగా చేసి చూసినవి ఉంటే రాయండి.

మూడో కెమెరా:
అది కెమెరాని దాని సొంత మానిటర్ వైపే తిప్పి తీసింది. తెరలో తెర, అందులో మళ్ళీ తెర. బీబీసీలో దాన్ని హౌల్‌రౌండ్ అనేవారు. ఈ టైటిల్స్ రూపొందించింది బెర్నార్డ్ లాడ్జ్. నేను పాత ట్యూబు టీవీ, వీడియో కెమెరా పెట్టి చేశాను. గదంతా చీకటి చేసి, తెర ముందు టార్చి ఒక్కసారి వెలిగించి ఆర్పితే చాలు, ఆ వెలుగు తనంతట తానే సాగుతూ, విచ్చుకుంటూ పోతుంది. కెమెరాని కాస్త పక్కకి వంచితే సుడి తిరుగుతుంది. ఇప్పటి ఫ్లాట్ టీవీతో కూడా ప్రయత్నించాను. బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆ పొగలాంటి ధార రాలేదు, మెట్లు మెట్లుగా వచ్చింది.

అతుకుల టేపు:
టైటిల్స్ సంగీతం గురించి నేను చెప్తాను. స్వరం రాసింది రాన్ గ్రెయినర్, దాన్ని శబ్దంగా మలిచింది బీబీసీలో కొత్త శబ్దాలు తయారుచేసే విభాగం, రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డెలియా డెర్బిషైర్. తోడుగా డిక్ మిల్స్. కీబోర్డు సింథసైజర్ అనేదే చేతిలో లేదు. ఒక తీగని మీటి రికార్డు చేసి, టేపు వేగం మార్చి ఒక్కో స్వరం తెచ్చుకుని, ఆ ముక్కల్ని బ్లేడుతో కోసి వరసగా అతికించారు. పైన జారుతూ పోయే స్వరం విద్యుత్తుతో శబ్దం పుట్టించే ఆసిలేటర్లది.

నేను ఆ బేస్ వరసలో నాలుగు గతులు మాత్రమే అలా చేద్దామని కూర్చున్నాను. సెకనుకి 15 అంగుళాల వేగంలో అర సెకను స్వరమంటే ఏడున్నర అంగుళాల టేపు. స్కేలుతో కొలిచి, ఏటవాలుగా కోసి, అతికించి వింటే ఎక్కడో ఒకచోట తాళం తప్పేది. ఏ అతుకులో తప్పిందో తెలిసేది కాదు. ఒక రోజంతా పోయింది. వాళ్ళకీ అదే కష్టం వచ్చింది. ఒకే టేపు మీద శబ్దాలు విడివిడిగా పట్టే మల్టీట్రాక్ లేదు కాబట్టి వేర్వేరు యంత్రాలు ఒకేసారి నడిపి కలిపేవారు. ఒకసారి తేడా ఎక్కడుందో దొరక్క, మైదా వేల్ భవనంలో పొడవాటి వసారా వెంట టేపులు పక్కపక్కనే పరిచి అతుకులు సరిచూసుకున్నారట. గ్రెయినర్ రాయల్టీలో సగం డెలియాకి ఇద్దామన్నా సంస్థ నిబంధనలు ఒప్పుకోలేదు. తెర మీద ఆవిడ పేరు పడింది 2013లో, 50 ఏళ్ళ ప్రత్యేక భాగంలో. అప్పటికి ఆవిడ లేరు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

నీలిపెట్టె:
డాక్టర్ కాలంలో తిరిగే ఓడ, ఆ నీలిపెట్టె, ఎగిరేటప్పుడు వచ్చే మూలుగు కూడా ఆవిడదేనా?

అతుకుల టేపు:
కాదండీ, అది బ్రయాన్ హాడ్జ్‌సన్. పాత పియానో లోపలి బేస్ తీగ మీద ఇంటి తాళంచెవి గీకి, ఆ శబ్దాన్ని టేపు మీద మార్చారు. తీగకి చుట్టిన రాగి చుట్ల మీద తాళంచెవి పోతున్నప్పుడు వచ్చే గరగర వల్లే దానికి ఆ ఊపిరి తీసినట్టుండే గుణం. నున్నటి తీగ మీద గీకి చూశాను, అది రాలేదు.

మూడో కెమెరా:
లైమ్ గ్రోవ్ స్టూడియోలో ఆ రోజుల్లో వారమంతా రిహార్సల్, శుక్రవారం రికార్డింగ్. వీడియోటేపు కోయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి దాదాపు నాటకంలా ఆగకుండా తీసేవారు. డాక్టర్ పాత్రధారి విలియం హార్ట్‌నెల్ మాట తడబడితే అది అలాగే ఉండిపోయింది. నేను మూడు కెమెరాల స్టూడియోలో పనిచేసినప్పుడు ఒక ఇరవై నిమిషాల నాటకం ఆపకుండా తీశాం. పదిహేడో నిమిషంలో నా కేబుల్ రెండో కెమెరా కింద చిక్కుకుంది. నటుడు అది చూసి, ఇంకో రెండు వాక్యాలు నెమ్మదిగా లాగి నాకు సమయమిచ్చాడు. అప్పటి నుంచి హార్ట్‌నెల్ తడబాట్లు చూస్తే నాకు గౌరవమే.

మొదటి భాగాన్నే రెండుసార్లు తీశారు. సెప్టెంబరులో తీసినదాంట్లో ఓడ తలుపులు సరిగా మూసుకోలేదు, ఇంకా లోపాలున్నాయి. బీబీసీ నాటక విభాగం అధిపతి సిడ్నీ న్యూమన్ మళ్ళీ తీయమన్నారు. దర్శకుడు వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవారు, నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి ముప్పయ్యేళ్ళు కూడా లేవు. అక్టోబరులో తీసిన రెండో రూపమే నవంబరు 23న ప్రసారమైంది.

గరగర గొంతు:
ఈ ధారావాహికలో లోహపు కవచం వేసుకున్న శత్రువులు డాలెక్‌ల గొంతు నేను చేశాను. గొంతుని గరగరగా మార్చే రింగ్ మాడ్యులేటర్ పరికరం కట్టి మైకు పెట్టి మామూలుగా మాట్లాడితే ఏమీ అర్థం కాలేదు. అచ్చుల్ని సాగదీసి, ఒక్కో అక్షరం విడివిడిగా పలకాలి. పీటర్ హాకిన్స్, డేవిడ్ గ్రాహం అలాగే పలికారు. సగం పని యంత్రానిది, సగం గొంతుది. డాలెక్ బొమ్మ లోపల కూర్చుని దాన్ని నడిపేది వేరే మనిషి, అతను ఈ మాటలకి తగ్గట్టు తలమీది దీపాలు వెలిగించాలి. మొదటి కథకి నాలుగే తయారయ్యాయి. గుంపు కావాల్సినచోట వెనకాల నిలువెత్తు ఫోటోలు నిలబెట్టారు. వాటి రూపం గీసిన రేమండ్ కుసిక్ జీతం మీద పనిచేసే ఉద్యోగి, అందుకని బొమ్మల అమ్మకంలో రాయల్టీ ఆయనకి రాలేదు.

పాతరీలు:
పోయిన భాగాల మాట కూడా చెప్పాలి. టేపు ఖరీదైంది, నటుల సంఘం ఒప్పందం వల్ల పునఃప్రసారాలకి పరిమితి ఉండేది, అందుకని చెరిపి వాడేశారు. విదేశాలకి అమ్మడానికి ఫిల్ము మీదకి ఎక్కించిన ప్రతులే చాలావరకు మిగిలాయి. 2013లో నైజీరియాలో దొరికిన తొమ్మిది భాగాలు అలాంటివే. పోయినవాటికి కూడా శబ్దం మాత్రం మొత్తం ఉంది, ఇళ్ళలో అభిమానులు టేపురికార్డర్లతో పట్టుకున్నారు కాబట్టి. నేను ఒక భాగానికి ఆ శబ్దం మీద, ప్రసారమప్పుడు జాన్ క్యూరా అనే ఫోటోగ్రాఫర్ టీవీ తెర నుంచి తీసిన ఫోటోలు పేర్చి చూశాను. ఒక అడుగుల చప్పుడు దగ్గర ఆగిపోయాను. ఎవరు నడుస్తున్నారో ఫోటోల్లో లేదు. అక్కడ నల్ల తెర వదిలేశాను.

1971 నాటి ‘ద మైండ్ ఆఫ్ ఈవిల్’ కథ నలుపు తెలుపు ఫిల్ముగానే మిగిలింది. కానీ రంగు సంకేతం ఆ ఫిల్ములో సన్నటి చుక్కలుగా పడి ఉండటంతో వాటిని చదివి అసలు రంగులు రాబట్టారు. ఆ కథ మొదటి భాగంలో ఆ చుక్కలు లేవు. దానికి చేత్తో రంగులు వేయాల్సి వచ్చింది.

నీలిపెట్టె:
నిన్న రాత్రి అటకమీది ట్యూబు టీవీ దింపి హౌల్‌రౌండ్ పెట్టాం. తెరంతా తెల్లగా అయిపోతోంది, ఆకారం నిలవడం లేదు.

మూడో కెమెరా:
కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ తీసేయండి. టీవీ కాంట్రాస్ట్ సగానికి తగ్గించి, నల్లగా అయ్యాక మెల్లగా పెంచండి. టార్చి మాత్రం అబ్బాయి చేతికే ఇవ్వండి.