అప్‌డేట్: ఎర్లీ డెసిషన్ వద్దనుకున్నా, అప్లికేషన్ మాత్రం ముందే పంపేశా

అమెరికాలో మెడికల్ స్కూల్‌కి ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేయాలా, మామూలుగానే వెళ్లాలా అని ఇంతకుముందు అడిగాను కదా, గుర్తుందా? చాలామంది వద్దన్నారు. రూల్స్ చదివాక నాకూ అదే అనిపించింది. ఆగస్టు 1 లోపు ఒక్క స్కూల్‌కే పెట్టాలి, వాళ్లు సీటిస్తే అందులో చేరాల్సిందే. కాదంటే ఆ జవాబు అక్టోబర్ 1 దాకా రాకపోవచ్చు, అప్పటివరకు ఇంకెక్కడా అప్లై చేయకూడదు. రోలింగ్ అడ్మిషన్లలో (అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లిచ్చే పద్ధతి) అప్పటికి ఇంటర్వ్యూలు మొదలైపోయి ఉంటాయి, అంత రిస్క్ నావల్ల కాదు బాబూ.

అందుకే మామూలు దారిలోనే, మే చివర్లో ఆమ్‌కాస్ (చాలా మెడికల్ స్కూళ్లకి ఒకేచోట అప్లై చేసే సర్వీసు) సబ్మిషన్ తెరవగానే పంపేశా. అప్పటికి ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష) స్కోరు ఇంకా రాలేదు, అయినా వెరిఫికేషన్ (మనం రాసిన కోర్సులు, గ్రేడ్లు ఆమ్‌కాస్ వాళ్లు సరిచూడటం) దాని కోసం ఆగదు. ముందు ఒక్క స్కూల్ పేరే పెట్టి, స్కోరు చూసుకున్నాక మిగతావి చేర్చాను. ఈ ఐడియా ఇచ్చినవాళ్లకి పెద్ద థాంక్స్!

టెన్షన్ పెట్టింది మాత్రం ట్రాన్స్‌క్రిప్టే (కాలేజీ పంపే కోర్సులు, గ్రేడ్ల రికార్డు). హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో చేసిన ఒక్క కెమిస్ట్రీ కోర్సుకి కూడా విడిగా తెప్పించాలి, అది చేరేదాకా ఫైల్ వెరిఫికేషన్ క్యూలోకే వెళ్లలేదు. కోర్సుల పేర్లు, గ్రేడ్లు కూడా ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ మనమే టైప్ చేయాలి, కళ్లు లాగేశాయి.

ఇప్పుడు సెకండరీ ఎస్సేలు (ఒక్కో స్కూలూ విడిగా అడిగే వ్యాసాలు) వరసగా వచ్చి పడుతున్నాయి. "మా స్కూలే ఎందుకు" అనే ప్రశ్నకి ముందే డ్రాఫ్టులు రాసుకోమన్నవాళ్ల మాట విన్నాను కాబట్టి బతికిపోయా. ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఇక్కడే చెప్తాను.