సికిల్ సెల్ ఉన్న పాపకు ఎండాకాలం ఎలా గడపాలి? రెండో కాన్పుకు ముందు పరీక్ష ఎక్కడ?

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర పల్లె. మా పాపకు ఐదేళ్లు. చిన్నప్పుడు చేతివేళ్లు వాచి రాత్రంతా ఏడిస్తే వాతం అనుకుని పసరు పూశాం. చివరికి రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. నాకూ మా ఆయనకూ ఈ జబ్బు జన్యువు ఒక్కోటి ఉందట, మాకు ఏ బాధా లేదు. "మీ పుట్టింటి నుంచే వచ్చింది" అని మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు అని డాక్టరు చెప్పినా నమ్మదు. ఒక్క జన్యువు ఉన్నవాళ్లను అది తీవ్రమైన మలేరియా నుంచి కాపాడుతుందట, అందుకే ఇలాంటి అడవి ప్రాంతాల్లో తరతరాలుగా నిలిచిందట. అది విన్నాక మనసు కొంచెం కుదుటపడింది.

పాపకు హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మందులు వాడుతున్నాం. అయినా ఎండకు ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా, చలిలో చన్నీళ్లు తగిలినా నొప్పులు మొదలవుతాయి. మాటిమాటికీ నీళ్లు తాగనివ్వమని బడిలో ఎలా ఒప్పించారు? తోటి పిల్లలకంటే పొట్టిగా, సన్నగా ఉంది. మీ పిల్లలకు ఏం పెడితే ఒళ్లు పట్టింది?

ఇంకోటి. నాకిప్పుడు ఏడో వారం. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. 10 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారట. చేయించుకున్నవాళ్లు ఉన్నారా? నాగపూర్ వెళ్లారా, హైదరాబాదా? ఖర్చెంత, ఎన్ని రోజులు ఉండాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.